తీగ లాగితే... నెట్ కదిలింది!

నెలనెలా బిల్లు కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి. హాల్లో టీవీకి బాగానే వస్తుంది. పడగ్గదిలోకి వెళ్లేసరికి వీడియో మధ్యలో చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. అమెరికా నుంచి అబ్బాయి వీడియోకాల్ చేస్తే మాట వినిపిస్తుంది, ముఖం కనిపించదు. ఆన్‌లైన్లో మాక్‌టెస్ట్ రాస్తున్న అమ్మాయి 'సబ్మిట్' నొక్కే సమయానికి నెట్ మాయం. ఇంటిల్లిపాదీ కలిసి తిట్టేది నెట్ కంపెనీని. కానీ చాలాసార్లు దోషి గుమ్మం బయట ఉండదు... ఇంట్లోనే ఉంటుంది!

మున్సిపాలిటీ నీళ్లు సంపు దాకా వస్తాయి. అక్కణ్నుంచి వంటింటికీ స్నానాల గదికీ డాబా మీది ట్యాంకుకీ తీసుకెళ్లే పైపులు మనవి. పైపు సన్నదైనా, మధ్యలో ఎక్కడైనా కారుతున్నా మున్సిపాలిటీని అని లాభంలేదు. ఇంటర్నెట్టూ అంతే. కంపెనీ వేసిన ఫైబర్ తీగ హాల్లోని చిన్నపెట్టె దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ టీవీకీ సీసీ కెమెరాకీ దాన్ని పంచే బాధ్యత ఇంట్లోని సొంత నెట్‌వర్క్‌ది. దాన్నే లోకల్ ఏరియా నెట్‌వర్క్... ముద్దుగా 'ల్యాన్' అంటారు. అది తీగతో నడిస్తే ఈథర్నెట్, గాల్లో నడిస్తే వైఫై.

ఒకప్పుడు ల్యాన్ అనే మాట ఆఫీసుల్లోనూ కాలేజీ కంప్యూటర్ ల్యాబుల్లోనూ వినిపించేది. 1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చాక అది వీధిలోని నెట్ సెంటర్‌కి చేరింది. పదో తరగతి, ఎంసెట్ ఫలితాల రోజున హాల్‌టికెట్ నంబరు రాసిన చీటీ పట్టుకుని పిల్లలు బారులు తీరిన ఆ నెట్ సెంటర్లలో కంప్యూటర్లు పది ఉన్నా బయటి నుంచి వచ్చే కనెక్షన్ సాధారణంగా ఒక్కటే. దాన్ని అన్నిటికీ పంచింది ల్యానే. ఆ పది కంప్యూటర్ల పని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ జరుగుతోంది. లెక్కపెట్టి చూడండి... నలుగురున్న ఇంట్లో నెట్‌కి తగులుకున్న వస్తువులు పది దాటినా ఆశ్చర్యంలేదు.

అన్న గాల్లో... తమ్ముడు తీగలో!

ముందు తీగ వచ్చింది, ఆ తర్వాతే వైర్‌లెస్ వచ్చిందనుకుంటాం. నిజానికి కథ అటునుంచి మొదలైంది. హవాయి అంటే పసిఫిక్ మహాసముద్రంలో విసిరేసినట్టుండే దీవులు. విశ్వవిద్యాలయం కంప్యూటరేమో ఒక దీవిలో ఉంది. దాన్ని వాడుకోవాల్సిన వాళ్లు వేరే దీవుల్లోనూ ఉన్నారు. మధ్యలో సముద్రం. నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్ బృందం తీగల జోలికి పోకుండా రేడియో తరంగాల మీద సమాచారం పంపే ఏర్పాటు చేసింది. 1971లో అది పనిచేయడం మొదలుపెట్టింది. హవాయి వాసుల పలకరింపు మాటే దానికి పేరైంది... అలోహానెట్!

అందరూ వాడుకునే రేడియో దారి ఒక్కటే. ఇద్దరు ఒకేసారి పంపితే రెండూ ఢీకొని పాడవుతాయి. మరెలా? దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చాలా సాదాసీదాది. అందినట్టు అవతల నుంచి జవాబు రాలేదా... కాసేపు ఆగి మళ్లీ పంపు. ఆగే సమయం మాత్రం ఎవరికి వారిది వేర్వేరుగా ఉండాలి. ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరూ ఒకేసారి పక్కకి జరిగితే మళ్లీ ఢీకొంటారు కదా, అలా కాకుండా అన్నమాట.

ఈ ఉపాయం బాబ్ మెట్‌కాఫ్ అనే కుర్ర ఇంజినీరుని ఆకట్టుకుంది. ఆయన అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో పనిచేసేవాడు. అక్కడ ఒక్కొక్కరి బల్ల మీదా ఒక్కో కంప్యూటర్ పెట్టాలనీ, అన్నిటికీ కలిపి ఒక లేజర్ ప్రింటర్ వాడుకోవాలనీ ఆలోచన. 1973 మే 22న ఆయన రాసిన ఓ మెమోలో తొలిసారి 'ఈథర్నెట్' అన్న పేరు కనిపించింది. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతా 'ఈథర్' అనే కంటికి కనిపించని పదార్థం నిండి ఉంటుందని పాతకాలం శాస్త్రవేత్తలు నమ్మేవారు. గదిగదినీ చుట్టివచ్చే కేబుల్‌కి ఆ పేరే పెట్టేశాడాయన. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన ఆ తొలి నెట్‌వర్క్ వేగం 2.94 ఎంబీపీఎస్. అలోహా వాళ్లకంటే ఇది ఓ అడుగు ముందుకేసింది. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, దారి ఖాళీగా ఉంటేనే పంపడం, పంపుతుండగా ఢీకొంటే వెంటనే ఆపేయడం దీని పద్ధతి.

1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్‌కి ఉమ్మడి నియమాలు ప్రకటించాయి. 1983లో అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ దాన్ని ప్రమాణంగా ఆమోదించింది. ఏ కంపెనీ కంప్యూటరైనా ఏ కంపెనీ కేబుల్‌కైనా తగిలించుకోవచ్చన్న ధీమా వచ్చింది అందువల్లే. 1995లో వేగం 100కి, 1999లో మామూలు రాగి తీగ మీదే 1000 ఎంబీపీఎస్‌కి చేరింది. మెట్‌కాఫ్‌కి కంప్యూటర్ రంగంలో నోబెల్ అంతటిదిగా చెప్పే ట్యూరింగ్ అవార్డు 2022 సంవత్సరానికి దక్కింది. తీగ పాతబడిపోలేదనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఎనిమిది పోగుల కథ

కంప్యూటర్ షాపులో 'ల్యాన్ కేబుల్' అని అడిగితే ఇచ్చే తీగను కోసి చూస్తే లోపల ఎనిమిది సన్నటి పోగులుంటాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ... ఒక్కో రంగుదీ ఒకటి, అదే రంగు చార తెలుపుతో కలిసినది మరొకటి. రెండేసి పోగుల్ని జడలా మెలిపెట్టి ఉంచుతారు. అందంకోసం కాదు. పక్కనున్న కరెంటు తీగ నుంచో మోటారు నుంచో వచ్చే విద్యుత్ అలజడి మెలితిరిగిన రెండు పోగుల మీదా దాదాపు సమానంగా పడుతుంది. అవతలి చివర ఆ రెండింటి తేడానే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి సమానంగా చేరిన చెత్తంతా కొట్టుకుపోతుంది. ఈ మెలిక ఆలోచన కంప్యూటర్లకంటే చాలా పాతది. టెలిఫోన్ తీగల కోసం అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

ఇక్కడే చాలా ఇళ్లలో తెలియకుండా జరిగే నష్టం ఒకటుంది. 100 ఎంబీపీఎస్ వేగానికి ఎనిమిదిలో నాలుగు పోగులు చాలు. 1000 కావాలంటే ఎనిమిదీ పనిచేయాలి. తలుపు సందులో నలిగో, చివర క్లిప్పు సరిగ్గా బిగించకో ఒక్క పోగు తెగిందనుకోండి. నెట్ ఆగిపోకపోవచ్చు. చప్పుడు చేయకుండా వేగాన్ని 100కి దించేసుకుంటుంది! 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా స్పీడ్ టెస్టులో 94, 95 దగ్గరే సూది ఆగిపోతుంటే అనుమానించాల్సింది మొదట కేబుల్‌ని, తర్వాత రౌటర్ని. తక్కువ ధర రౌటర్లు కొన్నిటిలో తీగ పెట్టుకునే రంధ్రాలే 100కి మించి పనిచేయవు.

కేబుల్ మీద 'క్యాట్-5ఈ', 'క్యాట్-6' అని రాసి ఉంటుంది. ఇంటికి ఈ రెండిట్లో ఏదైనా సరిపోతుంది. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు క్యాట్-6 వేయించుకుంటే పదేళ్ల తర్వాత గోడ పగలగొట్టే అవసరం రాకపోవచ్చు. ఒక్క కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. అల్యూమినియం పోగుకి పైపైన రాగి పూత పూసిన చౌక కేబుళ్లు కూడా బజార్లో దొరుకుతాయి. అవి ప్రమాణాలకు తగ్గవి కావు, వంచితే త్వరగా విరుగుతాయి. అసలు రాగిదేనా అని అడిగి తీసుకోవడం మంచిది. గోడలో కరెంటు తీగలు వెళ్లే పైపులోనే దీన్నీ దూర్చేస్తామని ఎలక్ట్రీషియన్ అంటే వద్దనండి. దీనికి వేరే పైపు ఉండాలి.

ఇంకో మాట. డాబా మీదుగా పక్క భవనానికి రాగి ల్యాన్ కేబుల్ లాగడం మన ఊళ్లలో మామూలే. పిడుగు దగ్గర్లో పడితే ఆ తీగ వెంట వచ్చే విద్యుత్ ఇటు రౌటర్నీ అటు కంప్యూటర్నీ ఒకేసారి కాల్చేయగలదు. భవనం దాటి వెళ్లాల్సి వస్తే ఫైబర్ కేబులే క్షేమం. అది గాజు పోగు, అందులో కరెంటు ప్రవహించదు.

ఉత్తరం చేరేదెలా?

ఇంట్లో పది పరికరాలున్నప్పుడు అమ్మ ఫోన్‌కి రావాల్సిన సినిమా నాన్న ల్యాప్‌టాప్‌లోకి ఎందుకు వెళ్లదు? చిరునామా ఉంది కాబట్టి. ప్రతి పరికరానికీ ఫ్యాక్టరీలోనే ఓ గుర్తింపు సంఖ్య ఇస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. మనకి పుట్టుమచ్చ లాంటిదన్నమాట. ఇంటి నెట్‌వర్క్‌లో చేరగానే రౌటర్ మరో సంఖ్య ఇస్తుంది. అది ఐపీ అడ్రస్. లాడ్జిలో దిగినప్పుడు ఇచ్చే గది నంబరులాంటిది. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి కావచ్చు. 192.168తో మొదలయ్యే సంఖ్య మీ ఫోన్లో కనిపిస్తే అది ఇదే. పక్కింట్లోనూ అచ్చం అదే సంఖ్య ఉండొచ్చు. ఏం గొడవలేదు. ఆ సంఖ్యలు ఇంటి గుమ్మం లోపల చెల్లడానికే కేటాయించినవి. బయటి ప్రపంచానికి మాత్రం ఇంటి మొత్తానికీ రౌటర్ చిరునామా ఒక్కటే కనిపిస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పనిపడుతుంది.

ఇంట్లో తీగలు ఎక్కువైతే 'స్విచ్' అనే చిన్న పెట్టె కావాలి. కరెంటు స్విచ్చుతో దీనికి సంబంధం లేదు. పాత నెట్ సెంటర్లలో దీని స్థానంలో 'హబ్' ఉండేది. హబ్ బస్టాండ్ మైకు లాంటిది. ఒకరి కోసం చెప్పినా అందరికీ వినిపించాల్సిందే. స్విచ్ పోస్ట్‌మ్యాన్‌లాంటిది. ఎవరి ఉత్తరం వారి గుమ్మంలోనే వేస్తుంది. అందుకే ఒకేసారి అందరూ వాడినా ఒకరికొకరు అడ్డురారు.

వైఫై మాత్రం... ఇప్పటికీ ఓ రకంగా మైకే! గాలి అందరిదీ. రౌటర్ మాట్లాడుతుంటే ఫోన్లు ఆగాలి, ఒక ఫోన్ మాట్లాడుతుంటే మిగతావి ఆగాలి. కొత్తరకం రౌటర్లు ఒకేసారి కొందరికి వాటాలు వేసి పంచే నేర్పు సంపాదించాయి కానీ మూలసూత్రం మారలేదు. ఒక్కరున్నప్పుడు పరుగులు తీసే వైఫై పండక్కి చుట్టాలొచ్చి పది ఫోన్లు చేరేసరికి ఎందుకు నీరసిస్తుందో ఇప్పుడర్థమైందిగా!

గాల్లో దారి

రేడియో తరంగాలంటే ప్రభుత్వాల అనుమతి తప్పనిసరి. 1985లో అమెరికా కొన్ని తరంగాల శ్రేణుల్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. మైక్రోవేవ్ పొయ్యిల్లాంటివి వాడే 'చెత్త బ్యాండ్లు' అని ఎవరూ పట్టించుకోనివి అవి. ఆ ఖాళీస్థలంలోనే వైఫై ఇల్లు కట్టుకుంది. 1997లో 802.11 అన్న ప్రమాణం వచ్చింది. వేగం 2 ఎంబీపీఎస్. రెండేళ్లకే అది 11 అయ్యింది. ఆ నోరుతిరగని అంకెలకి బదులు పలకడానికి బాగుండే పేరు కావాలని ఓ బ్రాండింగ్ సంస్థకి అప్పజెబితే వచ్చిందే 'వైఫై'. పాటల పెట్టెల 'హైఫై'కి ప్రాసగా పెట్టారంతే. పొడి అక్షరాల వెనక పెద్ద అర్థమేమీ లేదు!

1999లో న్యూయార్క్‌లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఓ ల్యాప్‌టాప్‌లో నెట్ చూపిస్తూ దాని చుట్టూ పిల్లలాడుకునే పెద్ద రింగు తిప్పి చూపించాడు, ఎక్కడా తీగ లేదని నమ్మించడానికి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని లైసెన్సు లేకుండా వాడుకునేందుకు 2005 జనవరిలో నిబంధనలొచ్చాయి. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని ఆరుబయట కూడా విస్తృతంగా వాడుకునే వీలు 2018లో దొరికింది. 2016లో విజయవాడ, విశాఖపట్నం, కాచిగూడ రైల్వేస్టేషన్లలో ఉచిత వైఫై మొదలయ్యాక ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఉద్యోగ పరీక్షలకి వీడియోలు డౌన్‌లోడ్ చేసుకునే కుర్రాళ్లకి అదో వరమైంది.

రౌటర్ మీద కనిపించే రెండు పేర్ల గుట్టూ ఇక్కడే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పెద్దది. గోడలు దాటి దూరం వెళ్తుంది. కానీ అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటూ దాన్నే వాడుతుంటుంది. అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా ఇమిడే దారులు మూడే... 1, 6, 11 ఛానళ్లు. పైగా మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఆ దగ్గర్లోనే. అందుకే వంటింట్లో కూర వేడిచేస్తుంటే హాల్లో వీడియో ఆగుతుంటుంది. 5 గిగాహెర్ట్జ్ దారి విశాలం, వేగం ఎక్కువ. గోడ అడ్డొస్తే మాత్రం త్వరగా డీలా పడుతుంది. రౌటర్ ఉన్న గదిలోనూ పక్క గదిలోనూ 5, దూరంగా ఉన్న గదికి 2.4... ఇదీ లెక్క.

బీరువా అడ్డొస్తే...

ఆరుబయట దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకి పడిపోతుంది. ఇంట్లో గోడలు కూడా తోడైతే ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ప్లైవుడ్ తలుపు పెద్దగా అడ్డుపడదు. ఇటుక గోడ కొంత మింగుతుంది. ఇనప కడ్డీలు వేసి పోసిన శ్లాబు బాగా మింగుతుంది. ఇక అన్నిటికంటే పెద్ద శత్రువులు రెండు... లోహమూ, నీరూ. ఇనప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం వెనక పూత, చేపల తొట్టె. ఈ నాలుగిట్లో ఏది రౌటర్‌కీ మీకూ మధ్య ఉన్నా సిగ్నల్‌కి ఇబ్బందే.

కానీ మన ఇళ్లలో రౌటర్ ఎక్కడుంటుంది? కేబుల్ కుర్రాడు తీగ ఎక్కడ లోపలికి తెస్తే అక్కడ. టీవీ వెనక, చెప్పుల స్టాండ్ పక్కన, కిటికీ మూల! కిటికీ దగ్గర పెడితే సగం సిగ్నల్ వీధిలోకి పోతుంది. ఇంటికి మధ్యలో, నేలకి అయిదారడుగుల ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉండేలా పెట్టించుకోవాలి. నాలుగు మీటర్ల తీగ అదనంగా అడిగితే తేలిపోయే పని ఇది. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పేవాళ్లూ ఉన్నారు. గుడ్డ సిగ్నల్‌ని ఆపదు కానీ వేడిని బయటికి పోనివ్వదు.

మేడమీద గదికి అందకపోతే సిగ్నల్ పెంచే 'ఎక్స్‌టెండర్' కొనేస్తుంటారు. చౌకరకం ఎక్స్‌టెండర్లు విన్నదే మళ్లీ అదే దారిలో పలుకుతాయి. కాబట్టి వేగం సుమారు సగానికి పడిపోతుంది. ఫోన్లో గీతలు నిండుగా కనిపిస్తాయి, పని మాత్రం నడవదు. దానికంటే మేడమీదికి ఒక్క ల్యాన్ కేబుల్ లాగి చివర రెండో వైఫై పెట్టె పెట్టుకోవడం మేలు. వైర్‌లెస్ బాగుండాలంటే వెనక వైరు ఉండాలి. పెద్దపెద్ద ఆఫీసుల్లో, కాలేజీల్లో జరిగేది కూడా ఇదే. పైకప్పుకి అతికించిన ప్రతి తెల్లపెట్టె వెనకా ఓ కేబుల్ ఉంటుంది. చాలాసార్లు కరెంటు కూడా ఆ కేబుల్లోంచే వస్తుంది.

ఏది దేనికి?

కదలకుండా ఒకచోట ఉండేవాటికి తీగ, మనతోపాటు తిరిగేవాటికి వైఫై... ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు. టీవీ, డెస్క్‌టాప్, సీసీ కెమెరాల రికార్డర్... వీటికి తీగ పెడితే గాల్లో రద్దీ తగ్గి ఫోన్లకి దారి దొరుకుతుంది. ఆన్‌లైన్ పరీక్ష, ఉద్యోగ ఇంటర్వ్యూ, ఇంటినుంచి ఆఫీసు పని... మధ్యలో ఆగితే నష్టం జరిగే ఏ పనికైనా తీగే దిక్కు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంట్లోనే ఆఫీసు, ఇంట్లోనే బడి అయ్యేసరికి చాలామందికి ఈ పాఠం అనుభవంలోకి వచ్చింది. వైఫైలో వేగం కంటే పెద్ద సమస్య నిలకడ లేకపోవడం. సగటు బాగానే ఉన్నా, అరసెకను పాటు తటపటాయిస్తే చాలు, అవతలివాళ్లకి మన మాట తెగిపోతుంది.

అలాగని ప్రతి ఇంట్లో గోడలు తవ్వాల్సిన పనిలేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకీ, ఫోన్లు తప్ప మరేమీ లేనివాళ్లకీ సరైన చోట పెట్టిన ఒక్క మంచి వైఫై రౌటరు చాలు. పరీక్ష రోజున ల్యాప్‌టాప్‌ని రౌటర్ దగ్గరికి తెచ్చి కేబుల్ గుచ్చుకుంటే సరి. సన్నరకం ల్యాప్‌టాప్‌లకి కేబుల్ రంధ్రం ఉండదు. యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టర్ షాపుల్లో దొరుకుతుంది.

వేగం లెక్కల్లోనూ ఓ తికమక ఉంది. ఎంబీపీఎస్‌లో ఉండేది మెగాబిట్లు. మన ఫైళ్ల సైజు మెగాబైట్లలో. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అంటే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో సెకనుకి దిగేది 100 ఎంబీ కాదు, మహా అయితే పన్నెండున్నర ఎంబీ. కంపెనీ మోసం చేసిందనుకునే ముందు ఈ భాగహారం చేసి చూసుకోవాలి.

కరెంటు కోత సంగతీ ఉంది. ఫ్యానుకి ఇన్వర్టర్ ఉన్నా రౌటర్ ప్లగ్గు మామూలు లైన్లో ఉండి నెట్ పోతుంటుంది. వీధిలోంచి వచ్చే ఫైబర్‌కి దారిపొడవునా కరెంటు అక్కర్లేదు. కంపెనీవైపు పరికరాలకి బ్యాటరీ ఉంటే, ఇంట్లో ఆ చిన్నపెట్టెకి కాస్త కరెంటు అందిస్తే చాలు, చీకట్లోనూ నెట్ నడుస్తుంది. ఇందుకోసం అరచేతిలో పట్టేంత మినీ యూపీఎస్‌లు వచ్చాయి.

తాళం వేశారా?

వేగం తగ్గితే చిరాకు. తాళం లేకపోతే ప్రమాదం. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరస బాంబుపేలుళ్లు యాభైమందికి పైగా ప్రాణాలు తీశాయి. అంతకు కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్లకి ఓ బెదిరింపు మెయిల్ అందింది. ఎక్కణ్నుంచి వచ్చిందని పోలీసులు ఆరాతీస్తే ఐపీ అడ్రస్ నవీ ముంబైలోని ఓ ఫ్లాట్‌ని చూపించింది. అందులో ఉంటున్నది ఉద్యోగరీత్యా వచ్చిన ఓ అమెరికా జాతీయుడు. మెయిల్ వెళ్లింది ఆ ఇంటి నెట్ నుంచే. పంపింది మాత్రం ఆయన కాదు. సరైన రక్షణలేని వైఫైని ఎవరో బయటినుంచి వాడుకున్నారు. ఆ సంగతి తేలేలోపు ఆయన కంప్యూటర్లు పోలీసుల చేతికి వెళ్లాయి, రోజుల తరబడి ప్రశ్నలు ఎదుర్కోవాల్సి వచ్చింది. ఆ ఆగస్టులో ముంబైలోని ఓ కాలేజీ వైఫైనీ, సెప్టెంబరులో దిల్లీ పేలుళ్లప్పుడు ముంబైలోనే మరో సంస్థ వైఫైనీ ఇలాగే వాడారు. 2009లో టెలికాం శాఖ వైఫై భద్రత మీద నెట్ కంపెనీలకు ప్రత్యేకంగా ఆదేశాలిచ్చింది.

ఇంటి మొత్తానికీ బయట కనిపించే చిరునామా ఒక్కటే అని ఇందాక చెప్పుకున్నాం కదా. ఇబ్బందంతా అక్కడే. మన వైఫై ఎక్కి ఎవరు ఏం చేసినా తలుపు తట్టేది మన ఇంటిదే. ''ఆంటీ, మా నెట్ పోయింది. ఓసారి పాస్‌వర్డ్ చెప్పరూ'' అని పక్కింటి కుర్రాడు అడిగితే కాదనడం మొహమాటమే. కాదనక్కర్లేదు కూడా. చాలా రౌటర్లలో 'గెస్ట్ నెట్‌వర్క్' అని ఉంటుంది. చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ దాని పాస్‌వర్డ్ ఇచ్చి, వాళ్లు వెళ్లాక ఆపేయొచ్చు. ఇంట్లోని కంప్యూటర్లూ కెమెరాలూ వాళ్ల కంటపడవు.

వైఫై తాళాల్లోనూ రకాలున్నాయి. మొదట్లో వచ్చిన 'వెప్' తాళంలో లొసుగుందని 2001లోనే నిపుణులు బయటపెట్టారు. ఇప్పుడు దాన్ని నిమిషాల్లో తీసేయొచ్చు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ-2 గానీ 2018లో ప్రకటించిన డబ్ల్యూపీఏ-3 గానీ రౌటర్ సెట్టింగుల్లో ఎంచుకోవాలి. వైఫై పాస్‌వర్డ్ కాకుండా రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి వేరే పాస్‌వర్డ్ ఉంటుంది. చాలా ఇళ్లలో అది కంపెనీ ఇచ్చిన 'అడ్మిన్' దగ్గరే ఉండిపోతుంది. 2016లో 'మిరాయ్' అనే వైరస్ లాంటి ప్రోగ్రాం ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌లనే ప్రయత్నించి లక్షల కొద్దీ కెమెరాల్నీ రౌటర్లనీ లోబరుచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటన్నిటితో ఒకేసారి దాడిచేయిస్తే అమెరికాలో పెద్దపెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి మూగబోయాయి. ఆ కెమెరాల యజమానుల్లో చాలామందికి తమ ఇంటి వస్తువు అందులో పాల్గొందన్న సంగతే తెలిసుండదు!

నెట్ నెమ్మదించిందా? ఇలా చూడండి

* ముందు రౌటర్‌కి ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్ ప్రకారం వస్తే కంపెనీ తప్పు లేదు. రాకపోతే కేబుల్ మార్చి మరోసారి చూశాక ఫిర్యాదు చేయండి.

* తర్వాత అదే గదిలో వైఫై మీద 5 గిగాహెర్ట్జ్‌తో చూడండి. ఇక్కడ బాగుండి పడగ్గదిలో తగ్గితే సమస్య గోడలదీ దూరానిదీ. రౌటర్ చోటు మార్చాలి, లేదా అక్కడికి కేబుల్ లాగాలి.

* రాత్రి తొమ్మిదింటికే నెమ్మదిస్తుంటే ఇరుగుపొరుగు వైఫైల రద్దీ కావచ్చు. 2.4లో 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. కేబుల్ మీద కూడా ఆ వేళకే తగ్గితే అది కంపెనీవైపు రద్దీ.

* రౌటర్ సెట్టింగుల్లో ఏమేం తగులుకుని ఉన్నాయో జాబితా ఉంటుంది. తెలియని పేరు కనిపిస్తే పాస్‌వర్డ్ మార్చేయండి. ఇంట్లోవాళ్లందరూ మళ్లీ కొత్తది కొట్టుకోవాలి, అంతే.

* పాస్‌వర్డ్ కనీసం పన్నెండు అక్షరాలుండాలి. ఇంటిపేరు, ఫోన్ నంబరు, పిల్లల పుట్టినరోజు వద్దు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే గుర్తుంచుకోవడం తేలిక, ఊహించడం కష్టం.

* రౌటర్ సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ వస్తే వేసుకోండి. బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా కలిపే 'డబ్ల్యూపీఎస్' అవసరం లేకపోతే ఆపేయండి.

వీటన్నిటికీ పట్టేది ఒక్క ఆదివారం మధ్యాహ్నం. ఎక్కువ వేగం ప్లాన్‌కి మారే ముందు ఆ మధ్యాహ్నం ఇంటి నెట్‌వర్క్‌కి కేటాయిస్తే, కడుతున్న డబ్బుకి రావాల్సిన వేగం అన్ని గదుల్లోకీ రావచ్చు. కొత్త ప్లాన్ అవసరమే లేకపోవచ్చు!